ఇంటి మీటరు నుంచి కొట్టానికి, పక్క గదికి కరెంటు భద్రంగా తీసుకెళ్లడం ఎలా

"అన్నా, ఇంట్లోనుంచి కొట్టానికి వైరు లాగాలి, ఎన్ని మీటర్లు తెచ్చుకోమంటావు?" ఎండాకాలం మొదలైందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. కొందరికి పశువుల కొట్టం, కొందరికి పాత మిద్దె పక్కన కొడుకు కోసం కట్టిన కొత్త గది, ఇంకొందరికి దొడ్లో ఆ మూల కట్టిన బాత్‌రూము. నేను అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్నా. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే ఒకరు ఎర్తు మర్చిపోతారు, ఇంకొకరు స్విచ్చు మర్చిపోతారు, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. కొట్టానికి పోయేది వైరు కాదు, ఇంకో చిన్న ఇంటి కనెక్షన్. అక్కడ కరెంటు తీసేయడానికి అక్కడే స్విచ్చు ఉండాలి, అక్కడ ఎర్తు (కారిన కరెంటుని నేలలోకి పంపే వైరు, గుంత) ఉండాలి, అక్కడ ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి కారితే లైను ఆపేసే స్విచ్చు) ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా పని సగమే అయినట్టు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, కొన్నేళ్ల కింద ఒక ఊర్లో బర్రె చచ్చిపోయాక నన్ను పిలిచారు. పోయి చూస్తే ఇంటి నుంచి కొట్టానికి ఒక్క ఫేజు వైరు (కరెంటు తెచ్చేది) మాత్రమే వచ్చింది. న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) బదులు కొట్టం పక్కన పాతిన ఇనుప పైపుకి కట్టేశారు, బల్బులు వెలుగుతున్నాయి కదా అని. ఎండలకు మట్టి ఎండిపోయి ఆ పైపు దగ్గర నేల నిరోధం 40 ఓమ్స్ ఉందనుకోండి, 2 ఆంపియర్లు వాడితే పైపు మీద 80 వోల్టులు నిలుస్తాయి. తడి నేల మీద నాలుగు కాళ్లతో నిలబడిన పశువుకి అది చాలు. మనకన్నా పశువులకు కరెంటు తొందరగా తగులుతుంది, చెప్పులు లేవు, కింద ఎప్పుడూ తడే. ఆ ఇంట్లో రోజూ పొద్దున పాలు పిండేది ఆ ఇంటి కోడలు. ఆ రోజు ఆమె ఇంకా కొట్టంలోకి పోలేదు, అంతే తేడా.

పని మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఏ మీటరు నుంచి తీస్తున్నారు? ఇంటి మీటరు నుంచి అదే స్థలంలో ఉన్న మీ సొంత గదికో మీ ఇంటి వాడకానికున్న చిన్న కొట్టానికో తీసుకోవచ్చు. పొలం మోటారు సర్వీసు నుంచి ఇంటికి తీయకూడదు, అది వ్యవసాయానికి ఇచ్చిన ఉచిత కరెంటు. ఇంటి మీటరు మీద అంగడి నడపకూడదు, పక్కింటి వాళ్లకు ఇవ్వకూడదు. 2003 విద్యుత్ చట్టంలో 126వ సెక్షన్ కింద ఇది అనధికార వాడకం అవుతుంది, జరిమానా పడుతుంది. కొట్టంలో పెద్ద డెయిరీ పెట్టి వ్యాపారం చేస్తున్నారా, గదిని అద్దెకు ఇస్తున్నారా, అయితే మన కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకి పోయి వేరే సర్వీసు అడగండి. కొత్త లోడు కలిపాక మొత్తం మీ మంజూరైన లోడు దాటుతుంటే అదనపు లోడుకి దరఖాస్తు పెట్టుకోండి.

ఒకే కాంపౌండులో రెండు మీటర్లు ఉంటే ఒకదాని ఫేజు, ఇంకొకదాని న్యూట్రల్ కలపడం అసలు వద్దు. అన్నదమ్ములు భాగాలు పంచుకున్న ఇళ్లలో ఇది బాగా చూస్తుంటాను.

గుంత తవ్వడం, ఇసుక పోయడం, కేబులు పరచడం మీరు చేసుకోవచ్చు. బోర్డుల్లో కలపడం, పరీక్షలు చేయడం మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మీటరు ముందరి వైర్లు, స్తంభం మీది ఫ్యూజు మనవి కావు. లైన్‌మన్‌ని పిలవండి, లేదంటే 1912కి ఫోన్ చేయండి.

కావాల్సిన సామాను

40 మీటర్ల దూరం, కొట్టంలో రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, 2 హెచ్‌పీ గడ్డి కోసే మిషను అనుకుని చెబుతున్నా.

- 3 కోర్ (లోపల మూడు వైర్లుండే) ఆర్మర్డ్ (పైన ఇనుప తీగల కవచం ఉండే) కాపర్ కేబులు, 4 స్క్వేర్ ఎంఎం. దారి పొడవు, రెండు చివర్లా గుంతలోంచి బోర్డు దాకా లేచే పొడవు కూడి, దాని కన్నా 3 మీటర్లు ఎక్కువ కొనండి
- కేబులుకి సరిపోయే గ్లాండ్లు (కేబుల్ని బాక్సుకి బిగించేవి) రెండు, కాపర్ లగ్గులు (వైరు చివర తొడిగేవి)
- ఇంటి వైపు 25 ఆంపియర్ల సి టైప్ డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే) ఎంసీబీ, దాంతో 100 మిల్లీ ఆంపియర్ల టైమ్ డిలే (కాస్త ఆగి పడే) ఆర్‌సీసీబీ
- కొట్టం వైపు 40 ఆంపియర్ల లోడు తట్టుకునే, 30 మిల్లీ ఆంపియర్లు కారితే ఆపేసే ఆర్‌సీసీబీ. మిషనుకి 20 ఆంపియర్ల సి టైప్ ఎంసీబీ, లైట్లకి 6 ఆంపియర్లది
- మూత ఉండే, నీళ్లు దుమ్ము పోని ప్లాస్టిక్ డీబీ బాక్సు (ఎంసీబీలు బిగించేది)
- 40 ఎంఎం జీఐ (జింకు పూత ఇనుప) పైపు, రెండున్నర మీటర్లది, ఎర్తు కోసం. దానికి క్లాంపు, బోల్టులు, జీఐ పట్టీ, బొగ్గు, ఉప్పు
- ఇసుక, ఇటుకలు లేదా విరిగిన కడప బండ ముక్కలు, హెచ్చరిక టేపు

ఎంసీబీకి, ఆర్‌సీసీబీకి తేడా చాలామందికి తెలీదు. ఎంసీబీ లోడు ఎక్కువైతే, షార్టు అయితే పడుతుంది, అంటే దానంతట అదే కరెంటు ఆపేస్తుంది. మనిషికి షాక్ కొట్టినప్పుడు అది పడదు. కరెంటు నేలలోకి కారుతోందని కనిపెట్టి పడేది ఆర్‌సీసీబీ ఒక్కటే. మన దగ్గర ఎర్తు గుంత నిరోధం 10 ఓమ్స్ ఉందనుకుంటే 230 వోల్టులకు నేలలోకి పోయేది 23 ఆంపియర్లే, దానికి 25 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. మిషను బాడీ కరెంటుతో అలాగే ఉంటుంది. "ఎర్తు వేశాం కదా, ఎంసీబీ ఉంది కదా" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడండి.

1. లోడు లెక్క రాసుకోండి

ప్రతి దాని వాట్లు కాగితం మీద రాసి కూడండి. ఫ్యాన్లు, లైట్లు కలిపి రెండు ఆంపియర్లు దాటవు. అసలు బరువంతా మోటారుదే. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు సుమారు 11 ఆంపియర్లు, స్టార్టింగులో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. రేపు నీళ్ల మోటారో, పాలు పిండే మిషనో పెట్టాలనుకుంటే ఇప్పుడే కలుపుకోండి, గుంత రెండోసారి తవ్వడం ఎవరికీ ఇష్టముండదు.

2. కేబులు సైజు దూరాన్ని బట్టి

అంగట్లో అడిగితే "13 ఆంపియర్లకి ఒకటిన్నర వైరు చాలు" అంటారు. వైరు కాలిపోదు, ఆ మాట నిజమే. కానీ 40 మీటర్లు పోయి రావడానికి 80 మీటర్ల రాగి. ఒకటిన్నర స్క్వేర్ వైరులో అది దగ్గర దగ్గర ఒక ఓమ్, మోటారు స్టార్టింగులో 55 ఆంపియర్లు లాగినప్పుడు 50 వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. సాయంత్రం పూట పల్లెలో ఇంటి దగ్గరే 200 ఉందంటే కొట్టానికి 150 కూడా చేరదు. మోటారు హూంమని మూలుగుతుంది, తిరగదు, వైండింగు కాలిపోతుంది. అదే 4 స్క్వేర్ అయితే 40 మీటర్లకి 0.37 ఓమ్, నడిచేటప్పుడు 5 వోల్టులు, స్టార్టింగులో 20 వోల్టులు పడతాయి, మోటారు లేస్తుంది.

దూరం 70, 80 మీటర్లకి పోతే 6 స్క్వేర్ తీసుకోండి. డబ్బు తక్కువగా ఉంటే అల్యూమినియం ఆర్మర్డ్ కేబులు వేసుకోవచ్చు, కానీ రాగి 6 స్క్వేర్‌కి సమానం కావాలంటే అల్యూమినియం 10 స్క్వేర్ కావాలి, అల్యూమినియం లగ్గులు గట్టిగా క్రింప్ చేయాలి (నొక్కి బిగించాలి). అల్యూమినియం వైరుని నేరుగా రాగి వైరుతో మెలిపెడితే రెండేళ్లలో ఆ చోట మాడిపోతుంది.

కొట్టంలో రెండు లైట్లు మాత్రమే కావాలా? అయితే ఇదంతా ఎందుకు, ఒక చిన్న సోలార్ ప్యానెలు, 12 వోల్టుల బ్యాటరీ, రెండు ఎల్ఈడీలు పెట్టుకోండి. ఎండకి మనకు కొదవ లేదు.

3. దారి, గుంత

దారి తిన్నగా ఉండాలి, చెట్ల వేర్లు, పేడ దిబ్బ, సెప్టిక్ ట్యాంకు తప్పించాలి. గుంత రెండున్నర అడుగుల లోతు. "ఒక అడుగు చాలదా" అంటారు. చాలదు. బండ ఉన్న చోట గడ్డపార పోటు ఎంత లోతు పోతుందో మీకే తెలుసు, డ్రిప్పు పైపు వేసేవాళ్లు, జేసీబీ వాళ్లు అడగకుండా తవ్వేస్తారు. ట్రాక్టరు పోయే దారి అడ్డం వస్తే అక్కడ మూడడుగులు తవ్వి, కేబుల్ని మందమైన హెచ్‌డీపీఈ పైపులోంచి పంపండి. నీళ్ల పైపుతో ఒకే గుంతలో వేయకండి, కనీసం ఒక అడుగు దూరం.

అడుగున మూడు నాలుగు అంగుళాల ఇసుక పోసి చదును చేయండి. మన ఎర్ర నేలలో, గరుసులో పదునైన రాళ్లుంటాయి, నేరుగా పరిస్తే కేబులు మీద పొర కోసుకుపోతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి అయితే వేరే ఇబ్బంది, ఎండాకాలం నేల పగిలి నెర్రెలు బారుతుంది, వానకి ఉబ్బుతుంది, కేబులు బిగుసుకుంటుంది. అక్కడ ఇసుక ఇంకాస్త మందంగా పోయండి, కేబుల్ని బిగలాగకుండా పాము మాదిరిగా కొద్దిగా వంపులతో పరచండి.

4. కేబులు పరచడం

చుట్టని నేల మీద దొర్లించుకుంటూ విప్పండి, చుట్ట మధ్యలోంచి లాగితే మెలికలు పడతాయి. కేబులు మందానికి పన్నెండు రెట్ల కన్నా బిగువైన వంపు వద్దు. మధ్యలో జాయింటు లేకుండా ఒకే ముక్క వేయండి, నేలలో టేపు చుట్టిన జాయింటు మొదటి వానకే నీళ్లు తాగుతుంది.

పైన మళ్లీ మూడు నాలుగు అంగుళాల ఇసుక, దాని మీద ఇటుకలు అడ్డంగా. మన వైపు ఇటుకల కన్నా కడప బండ ముక్కలే బాగుంటాయి, బేతంచెర్ల, తాడిపత్రి వైపు పాలిష్ యూనిట్ల దగ్గర విరిగినవి తక్కువలో దొరుకుతాయి. గడ్డపార బండకి తగిలిందంటే తవ్వేవాడు ఆగి చూస్తాడు. సగం మట్టి పోశాక హెచ్చరిక టేపు పరిచి, మిగతాది పూడ్చండి. పూడ్చే ముందు ఫోన్లో ఫోటోలు తీసుకోండి, గోడ నుంచి ఎన్ని అడుగులో కొలత కనిపించేలా. గోడ దగ్గర కేబులు పైకి లేచే చోట ఆరడుగుల ఎత్తు దాకా జీఐ పైపు తొడగండి, పశువులు రుద్దుకుంటాయి, పందికొక్కులు కొరుకుతాయి.

5. ఎర్తు, దీని దగ్గర తొందర వద్దు

కొట్టానికి అయిదడుగుల దూరంలో, తడి నిలిచే చోట గుంత. స్నానాల నీళ్లు పోయే చోటైతే మంచిదే. రెండున్నర మీటర్ల పైపు నిలువుగా దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు, చిన్న సిమెంటు తొట్టి పెట్టండి.

మూడడుగులకే బండ తగిలిందా? అనంతపురం చుట్టూ చాలా ఊర్లలో ఇదే కథ. పైపుని కోసి పొట్టి చేయకండి. బోరు మిషను వచ్చినప్పుడు చిన్న రంధ్రం వేయించుకోవచ్చు, లేదంటే మెత్తని నేల దొరికే చోట రెండు మూడు గుంతలు, ఒక్కోదానికి అయిదు మీటర్ల ఎడం ఇచ్చి, జీఐ పట్టీతో అన్నీ కలిపేయండి. నీళ్ల పైపుకి ఎర్తు కట్టడం వద్దు, మధ్యలో ఎక్కడో పీవీసీ ముక్క ఉంటుంది.

ఈ కొట్టం ఎర్తుని, కేబులు మూడో కోర్ ద్వారా ఇంటి ఎర్తుతో కలపాలి. కేబులు పైన ఉండే ఇనుప తీగల కవచాన్ని కూడా గ్లాండు దగ్గర ఎర్తుకి కట్టాలి. కానీ ఎర్తునీ న్యూట్రల్‌నీ ఎక్కడా కలపకూడదు, కొట్టం బోర్డులో అయితే అసలే వద్దు. కొట్టంలో ఇనుప స్తంభాలు, రేకుల పైకప్పు, నీళ్ల తొట్టి ఇనుప గొట్టాలు, గడ్డి మిషను బాడీ, అన్నిటినీ ఎర్తు పట్టీకి కలపండి.

6. రెండు బోర్డులు

ఇంటి వైపు మెయిన్ స్విచ్చు తర్వాత విడిగా కొట్టానికి ఎంసీబీ, 100 మిల్లీ ఆంపియర్ల టైమ్ డిలే ఆర్‌సీసీబీ. ఇంట్లో ఉన్న 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కిందనుంచి తీస్తే కొట్టంలో చిన్న తడి తగిలినా ఇల్లంతా చీకటవుతుంది, విసుగొచ్చి ఎవరో ఒకరు ఆర్‌సీసీబీనే తీసేసి నేరుగా కలుపుతారు. అలా చేసిన ఇళ్లు లెక్కలేనన్ని చూశా.

కొట్టం వైపు ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఆ తర్వాత విడి ఎంసీబీలు. బోర్డు మనిషి ఛాతీ ఎత్తులో, పశువుల తోక, కొమ్ము అందని చోట, శనక్కాయ కట్టె వామికి దూరంగా. లైట్లు, ప్లగ్గులు కూడా పైనే ఉండాలి.

ఇన్వర్టరు లైను కొట్టానికి పంపే ముందు ఆలోచించండి. మెయిన్ ఆపేసినా ఇన్వర్టరు కరెంటు వస్తూనే ఉంటుంది. పంపితే దానికి వేరే డబుల్ పోల్ స్విచ్చు పెట్టి, "ఇన్వర్టరు, ఇది కూడా ఆపాలి" అని పెద్ద అక్షరాలతో రాయండి.

7. కలపడం

మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి, ఇంట్లో ఒకరిని బోర్డు దగ్గర కాపలా పెట్టండి. 3 కోర్ కేబుల్లో మామూలుగా ఎరుపు, పసుపు, నీలం రంగులు వస్తాయి. ఎరుపు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు ఎర్తు అనుకుని, రెండు చివర్లా నీలానికి నల్ల స్లీవు, పసుపుకి పచ్చ స్లీవు తొడగండి. ఒక చివర ఒకటి, ఇంకో చివర ఇంకొకటి అయితే మిషను బాడీకి ఫేజు పోతుంది. ముందు కొట్టం వైపు కలిపి, ఇంటి వైపు చివర్లో కలపండి.

8. పరీక్షలు

లోడులేవీ కలపకముందు, ఆర్‌సీసీబీలు విప్పి పక్కన పెట్టి, 500 వోల్టుల మెగ్గరుతో (వైర్ల మధ్య ఇన్సులేషను కొలిచే మీటరు) ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్తు, న్యూట్రల్-ఎర్తు మధ్య చూడాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువుంటే కరెంటు ఇవ్వకండి. కొత్త కేబులు అయితే వందల్లో చూపించాలి, తక్కువ చూపిస్తే పూడ్చేటప్పుడు ఎక్కడో గీసుకుపోయింది.

ఎర్తు టెస్టరుతో గుంత నిరోధం చూడండి. 10 ఓమ్స్ లోపు వస్తే సంతోషం, 30, 40 వస్తే ఇంకో గుంత కలపండి. ఇది వానాకాలంలో చూసి మురిసిపోకండి, ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ చూడాలి, అసలు అంకె అప్పుడే తెలుస్తుంది. ఆ రెండు నెలలు వారానికోసారి గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయండి.

తర్వాత కరెంటు ఇచ్చి, కొట్టం ఆర్‌సీసీబీ మీది టెస్టు బటన్ నొక్కండి, టక్కున పడాలి. కానీ ఆ బటన్ ఆర్‌సీసీబీని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్తు తెగిపోయినా బటన్‌కి అది పడుతుంది. అందుకే ఎలక్ట్రీషియన్‌తో ప్రతి ప్లగ్గు దగ్గరా ఫేజుకీ ఎర్తుకీ మధ్య 40 వాట్ల టెస్టు ల్యాంపు పెట్టించండి. వెంటనే ఆర్‌సీసీబీ పడిందంటే ఆ ప్లగ్గుకి ఎర్తు చేరుతోంది. పడకపోతే ఆ ప్లగ్గులో ఎర్తు వైరు లేనట్టే.

చివరగా మిషను నడుస్తుండగా కొట్టంలో వోల్టేజి, ఇంట్లో వోల్టేజి ఒకేసారి చూడండి. తేడా ఆరేడు వోల్టులు దాటితే ఎక్కడో లూజు ఉంది, బోర్డులో స్క్రూలు మళ్లీ బిగించాలి.

తవ్వడం కుదరకపోతే

కొన్ని చోట్ల అంతా పరుపు బండ, రెండున్నర అడుగులు అసాధ్యం. అప్పుడు పై నుంచి తీయండి, కానీ జీఐ బేరర్ తీగకి (కేబులు బరువు మోసే తీగ) క్లిప్పులతో కట్టిన, ఎండకి తట్టుకునే నల్ల పొర కేబులు వాడండి, అందులోనూ మూడు కోర్లు ఉండాలి. ఆ తీగకి రెండు చివర్లా ఎగ్ ఇన్సులేటర్లు (కరెంటు దాటనివ్వని గుడ్డు ఆకారపు పింగాణీ ముక్కలు) పెట్టాలి. ఎత్తు, కట్టె నింపుకొచ్చే ట్రాక్టరు పైన మనిషి కూర్చుని ఉన్నా తగలనంత, కనీసం 18 అడుగులు ఇవ్వండి. వేప చెట్టుకి కట్టకండి, గాలికి ఊగి వైరు రాపిడి అవుతుంది. ఇంట్లో వాడే తెల్ల వైరు ఎండలో రెండు మూడేళ్లకే పెళుసవుతుంది.

ఆ వైరున్న స్తంభానికీ, రేకుల కొట్టం స్తంభానికీ బట్టలారేసే ఇనుప దండెం కట్టొద్దు. తడి బట్ట వేసేటప్పుడు షాక్ కొట్టి చనిపోయిన ఆడవాళ్ల వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. దండేనికి నైలాన్ తాడు వాడండి, ఈ రోజే మార్చండి, కొట్టానికి కరెంటు తర్వాత చూసుకోవచ్చు.

వానలో రాత్రి ఆర్‌సీసీబీ పడితే

దాన్ని బలవంతంగా పైకి తోయకండి, పుల్ల కట్టకండి. కొట్టం ఎంసీబీలన్నీ దింపి, ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ పోండి, ఏది ఎత్తినప్పుడు పడిందో తప్పు ఆ లైన్లో ఉంది, దాన్ని దింపి ఉంచి మిగతావి వాడుకోండి. అన్నీ దింపినా పడుతుంటే ఎక్కడో న్యూట్రల్ ఎర్తుకి తగులుతోంది, లేదా బోర్డులోకే నీళ్లు పోయాయి, ఇంటి వైపు ఎంసీబీ ఆపేసి తెల్లారేదాకా టార్చిలైటు వాడండి. ఎవరికైనా షాక్ కొట్టి పట్టుకుపోతే వాళ్లను ముట్టుకోకుండా ముందు ఇంటి వైపు స్విచ్చు ఆపాలి. ఆ స్విచ్చు ఎక్కడుందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చూపించి, ఒకసారి వాళ్ల చేతే ఆపించండి.